నీలం గుళికలు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. పిన్నీ నువ్వూ క్షేమమని తలుస్తాను. "మేమంతా" అనే మాటలో మొన్నమొన్నటిదాకా నీ పెరట్లో స్లగ్గు నత్తల్ని కూడా కలుపుకోవలసి వచ్చేది. నిజం చెప్పాలంటే ఇంట్లో అందరికంటే అవే క్షేమంగా ఉండేవి. వేళకు తిని, వేళకు పడుకుని, ఒకదాని మీద ఒకటి అరుచుకోకుండా కాపురం చేసేవి.

నీ ఉత్తరం సోమవారం అందింది. అయిదు ప్రశ్నలు రాసి, ఒక్కోదానికీ అంకె వేసి, నాలుగోదాని కింద రెండు గీతలు గీశావు. రెండో గీత దగ్గర కాగితం చిరిగింది. ఫోను చేస్తే తీయవు. పిన్ని తీసి, "అక్క స్నానం చేస్తోందే" అంటుంది. రోజుకు నాలుగుసార్లు స్నానం చేసే మనిషివి కావు నువ్వు. తుంటి ఆపరేషనయిన పిన్ని చేత అబద్ధాలు కూడా ఆడించడం బాగాలేదు. "మన ఇంట్లో ఫోనులో ఎవరూ ఒక మాట పూర్తిగా చెప్పి చావరు, రాసి పంపు" అన్నావట. సరే. దిద్దవలసిన జవాబు పత్రాలు బల్ల మీద కట్టలుగా పడి ఉన్నాయి. వాటిని పక్కకు తోసి రాస్తున్నాను.

తేలికైన వాటితో మొదలుపెడతాను. అయిదో ప్రశ్న, సరిగ్గా తింటున్నానా అని. తింటున్నాను. నాన్నే వండుతున్నాడు. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి వంట ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? ప్రతిదానికీ కొలత, ప్రతిదానికీ గడియారం, అన్నిటికీ ఒకటే రుచి. ఉప్పు తక్కువైందంటే, "కొలిచే వేశాను" అని చెంచా చూపిస్తాడు.

మొదటి ప్రశ్న, డేలియాలు ఎన్ని మిగిలాయని. నువ్వు పాతి వెళ్ళినవి పదకొండు దుంపలు. ఇవాళ ఏడు మొక్కలున్నాయి. ఏడూ జానెడు దాటాయి. మూడో ప్రశ్న, నీ డేలియాను కొత్త రకంగా నమోదు చేసుకునే పూలమొక్కల సంఘం వాళ్ళు ఎప్పుడు వస్తారని. వచ్చి వెళ్ళారు. ఆ సంగతి వరసలో వస్తుంది. రెండో ప్రశ్న, నీ ఫ్రిజ్‌లో పురుగులెందుకు పెట్టామని. అది చెప్పాలంటే కథంతా చెప్పాలి. కథంతా చెప్తే గానీ నాలుగో ప్రశ్నకు జవాబు రాదు. కాబట్టి కాస్త ఓపిక పట్టు. నీకు అది లేదని తెలుసు, అయినా పట్టు.

నువ్వు వెళ్ళిన మూడో వారం నుంచి వాన. పెద్దదేం కాదు. సన్నగా, ఆగి ఆగి, మట్టికి ఆరే వ్యవధి ఇవ్వకుండా కురిసింది. డేలియా మొలకలు బొటనవేలంత లేచాయో లేదో ఈ స్లగ్గులు దిగాయి. బూడిద రంగువి, గుల్ల లేని నత్తలు, కొన్ని నా చిటికెనవేలంత ఉన్నాయి. గోడవారన హోస్టా ఆకులు జల్లెడలయ్యాయి. బెగోనియాలకు కాడలు మిగిలాయి, ఆకులు లేవు. పొద్దున్నే వెళ్ళి చూస్తే కుండీల అంచుల మీద ఎవరో జిగురు పూసినట్టు మెరిసే చారలు. మొదటి వారంలోనే రెండు డేలియాలు మొదలంటా పోయాయి.

నాన్న యుద్ధం ప్రకటించాడు. తెల్లవారుతూనే మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకుని, పాత చెంచాతో ఒక్కొక్కదాన్నీ ఏరి బిస్కెట్ల డబ్బాలో వేస్తాడు. డేలియాల వైపు ఎన్ని, హోస్టాల వైపు ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టి వంటింటి క్యాలెండరులో రాస్తాడు. తరవాత మూత పెట్టి, వీధి చివర ఖాళీ స్థలం దాకా నడిచి వదిలిపెట్టి వస్తాడు. చంపడు.

"చంపడానికి చెయ్యి రాదే" అంటాడు.

విషం గుళికలు వేయడానికి మాత్రం చెయ్యి వస్తుంది, ఎందుకంటే అవి చచ్చేటప్పుడు పక్కన నిలబడక్కర్లేదు. రోజూ పొద్దున్న ఇదే వరస.

"ఆ నీలం గుళికల డబ్బా తాళం ఇటివ్వవే. నాలుగు చల్లితే రెండు రోజుల్లో పీడ విరగడవుతుంది."

"అమ్మకి ఒట్టేశావు నాన్నా."

"మీ అమ్మ ఇక్కడ లేదుగా."

"తాళం నా దగ్గరే ఉందిగా."

ఆ ఒట్టు నువ్వెందుకు వేయించుకున్నావో నాకు తెలుసు. పక్కింటి టైలరత్తయ్య కుక్క బొత్తాం పగలంతా కంచె సందులోంచి దూరి వచ్చి మన డేలియాల పక్కనే పడుకుంటుంది. ఆ గుళికలు పిండితో చేస్తారు. కుక్కకి అవి బిస్కెట్ల లాగే ఉంటాయి. అందుకే డబ్బా ఉన్న షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి నా గుత్తికి తగిలించి, "ఇది మీ నాన్న చేతికి అందిందా, నిన్నే అడుగుతా" అని వెళ్ళావు.

అందుకని నేను నులిపురుగుల్ని తెప్పించాను. నేలలో సహజంగా ఉండేవే, కంటికి కనబడనంత సన్నవి. స్లగ్గు వీపు మీద ఒక సందు ఉంటుంది, అందులోంచి లోపలికి దూరతాయి. మూడు నుంచి అయిదు రోజుల్లో స్లగ్గు తిండి మానేసి, మట్టిలోకి దిగి అక్కడే చస్తుంది. కుక్కకి గానీ పిట్టకి గానీ వానపాముకి గానీ ఏమీ కాదు. పిల్లలకు పాఠంగా ఇదే చెప్పాను. బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను.

ఇంట్లో చెప్పడం అంత సులువు కాలేదు.

"నులిపురుగులా? పిల్లల కడుపులో పడితే మందేసి పోగొట్టేవా?" అన్నాడు నాన్న. "వాటిని పనిగట్టుకుని తెప్పించి పెరట్లో పోస్తావా?"

ఎరువుల కొట్టాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "నులిపురుగంటే వేళ్ళకి బుడిపెలు కట్టించేది కదమ్మా. అది పడితే తోట ఎత్తేసుకోవడమే. టీచరమ్మవి, నీకీ బుద్ధి ఎవరు చెప్పారు?" అన్నాడు. అవి వేరు, ఇవి వేరు అన్నాను. మనుషుల్లో దొంగలున్నట్టే పోలీసులూ ఉన్నారుగా అన్నాను. "మనుషుల్లోనే ఎవరు ఏదో తేల్చుకోలేక చస్తున్నాం" అని ఆయన వేరే బేరానికి వెళ్ళిపోయాడు.

పొట్లం బడి చిరునామాకు తెప్పించుకున్నాను, ఇంటికి వస్తే నాన్న విప్పి చూస్తాడని. "ప్రాణమున్న సరుకు, చల్లగా ఉంచవలెను" అని ఎర్రక్షరాలతో రాసి ఉంది. కొరియర్ మనిషి దాన్ని తీసుకెళ్ళి ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టాడు. నేను క్లాసు మధ్యలోంచి మెట్లు దిగి పరుగెత్తాను. అదృష్టం, అప్పుడే పెట్టాడట. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో కోడిగుడ్ల పక్కన పెట్టాను. సాయంత్రానికి నాన్న దానికి బోర్డు కట్టేశాడు, లిఫ్టు తలుపు మీద కట్టేలాంటిదే: "ప్రమాదం. తెరవరాదు. తినరాదు." నీ ఫ్రిజ్‌లో పురుగుల సంగతి ఇదీ. తడిసిన శనగపిండిలా ఉంటాయి, అంతే. నీ గిన్నెలేవీ వాడలేదు.

బడి నుంచి మైక్రోస్కోపు కూడా తెచ్చాను. భోజనాల బల్ల మీద పెట్టి, ఒక్క చుక్క వేసి, నాన్నను పిలిచాను. పది నిమిషాలు కన్ను తీయలేదు.

"కదులుతున్నాయే!"

"ప్రాణముంది కాబట్టి."

"కదిలితే సరిపోతుందా? పని చెయ్యాలిగా."

"అయిదారు రోజులు ఆగు నాన్నా. శవాలు మాత్రం వెతక్కు. అన్నీ నేల కిందే పోతాయి."

"శవం కనబడని చావుని నేనెలా నమ్మేది? లిఫ్టు బాగయిందని నోటితో చెబితే ఎవడూ ఎక్కడే. నేను ముందెక్కి చూపించాలి."

ఆదివారం సాయంత్రం మబ్బు పట్టి ఉండగా పోశాం. బకెట్టు నీళ్ళలో కలిపి, అడుగుకి దిగిపోకుండా నాన్న కర్రతో తిప్పుతూనే ఉన్నాడు. నమ్మకం లేని పనిని కూడా అంత శ్రద్ధగా చేసే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నీళ్ళ క్యాను మూతి జల్లెడ పీకేసి, ముందు డేలియాలకు, తరవాత బెగోనియాలకు, ఆఖరికి హోస్టాలకు పోశాను. మట్టి రెండు వారాలు తడారకూడదని చెప్పి, నీళ్ళ బాధ్యత నాన్నకు అప్పగించాను.

ఇక్కడి నుంచి నాన్న నా ప్రాణం తోడెయ్యడం మొదలైంది. సోమవారం పొద్దున్న నేను పళ్ళు తోముకుంటుంటే తలుపు అవతల నిలబడి, "నలభై ఒకటి" అన్నాడు. మంగళవారం, "నలభై నాలుగు. నీ సైన్యం సెలవులో ఉందా?" బుధవారం, "నలభై. దీన్ని తగ్గడం అంటారా, లేక ఒక నాలుగు లేవడం ఆలస్యమైందంటారా?" నేను అయిదు వేళ్ళూ చూపించేదాన్ని. "అయిదు రోజులు, అయిదు రోజులు!" ఆయన తల ఊపి క్యాలెండరు దగ్గరకు వెళ్ళేవాడు. నోరు మూసుకుని ఏరుకోవచ్చుగా అమ్మా? ఏరాలి, లెక్కపెట్టాలి, వచ్చి నాకు చెప్పాలి.

బుధవారమే సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. పది రోజుల తరవాత రావలసినవాళ్ళు ఈ శనివారమే వస్తారట. కారు దొరికిందట! నువ్వు తొమ్మిదేళ్ళు విత్తనం మీద విత్తనం వేసి, నచ్చనివి పీకి పారేసి నిలబెట్టుకున్న రకాన్ని, ఆ ముదురు వంగపండు రంగునీ తెల్లంచునీ, వాళ్ళు ఎవరికో కారు దొరికిన రోజున చూస్తారట. పైగా, "ఒకేలా ఉన్న మొక్కలు ఆరు తప్పనిసరండీ, లేకపోతే వచ్చే ఏడాదే" అని గుర్తు చేశాడు. అప్పటికి ఎనిమిది ఉన్నాయి. గురువారం పొద్దున్నకి ఏడు. ఎనిమిదోది పక్కకు ఒరిగి ఉంది. కాడ సగం కొరికేసి, మిగతా సగం తరవాత తిందామన్నట్టు వదిలేశాయి.

నువ్వు ఫోను చేసి, "మొక్కలెలా ఉన్నాయే?" అంటే, "బాగున్నాయమ్మా" అన్నాను. అది మొదటి అబద్ధం.

ఇక నాలుగో ప్రశ్న. నువ్వు రాసిన మాటలే రాస్తున్నాను: "మీ నాన్నకు ఆ డబ్బా తాళం నువ్విచ్చావా, నీ సంచిలోంచి తీశాడా?"

నేనివ్వలేదు. నాన్న తీయలేదు. షెడ్డు తాళం తీసింది నేను. గుళికలు వేసింది నేను.

శుక్రవారం, నాన్న ఇంకా లేవకముందు. అయిదో రోజు. పిల్లలకు అయిదు రోజులని బోర్డు మీద రాసినదాన్ని, నాన్నకు వేళ్ళు చూపించినదాన్ని, నాకే నమ్మకం చాలలేదు. ఇంకో రెండు మొక్కలు పోతే ఆరుండవు. నీ తొమ్మిదేళ్ళకు ఇంకో ఏడాది. ఒక్క డేలియాల మడిలోనే, ఒక్క గుప్పెడే, పైన కనబడకుండా ఆకుల చాటున వేశాను. కంచె సందుకి అడ్డంగా ఖాళీ కుండీ ఒకటి జరిపాను. అది సరిపోతుందనుకున్నాను. బొత్తాం పదకొండేళ్ళ కుక్క, కుండీని తోసే ఓపిక దానికెక్కడిది అనుకున్నాను. చేతులు కడుక్కుని, బస్సెక్కి, బడికి వెళ్ళి మూడు పాఠాలు చెప్పాను.

మధ్యాహ్నం నాన్న ఫోను. "పశువుల డాక్టరు దగ్గరికి రావే. బొత్తాం" అని మాత్రం అన్నాడు.

నేను వెళ్ళేసరికి రేకుల బల్ల మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా వణుకు, కాళ్ళు బిగుసుకుపోయి, నోటి వెంట చొంగ, ఆ చొంగలో నీలం. నాన్న దాన్ని చేతుల మీద మోసుకుని నాలుగు వీధులు పరుగెత్తాడట. చొక్కా అంతా తడిసి ఉంది. టైలరత్తయ్య మెడలో కొలతల టేపుతోనే వచ్చేసింది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

డాక్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "ఇది స్లగ్గుల మందు. ఎవరు వేశారు? ఎంత వేశారు? తొందరగా చెప్పండి."

నాన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణం, అంతే. షెడ్డు తాళం ఎవరి దగ్గరుందో ఆయనకి తెలుసు. నేను సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. సంచి పట్టీ సరిచేసుకున్నాను.

"నేనే వేశాను" అన్నాడు నాన్న.

"ఎంత?"

ఆ ఒక్కటీ ఆయనకు తెలియదు. మళ్ళీ నా వైపు చూశాడు.

"గుప్పెడు" అన్నాను నేను. "గుప్పెడే."

అది ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ సూది గుచ్చుతోంది. టైలరత్తయ్య నాన్ననే చూస్తోంది. ఆవిడ ఏమందో నీకు ఆవిడే చెప్పి ఉంటుంది గానీ, ఎలా అందో చెప్పి ఉండదు. అరవలేదు. మెల్లగా అంది. "ఇరవై ఏళ్ళుగా అన్నయ్యా అని పిలిచాను. రోజూ ఆ చేత్తోనే దానికి బిస్కెట్టు పెడతారు. ఆ చేత్తోనే ఇది కూడా పెట్టారా అండీ?" ఆ "అండీ" విన్నప్పుడు నాన్న తల దించుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను అమ్మా. రెండడుగుల దూరంలో ఉన్నాను.

బొత్తాం బతికింది. రెండు రోజులు అక్కడే మత్తులో ఉంచి ఇంటికి పంపారు. చిక్కిపోయింది. చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. నెమ్మదిగా కోలుకుంటుందని డాక్టరమ్మ అంది.

మర్నాడు, శనివారం, సంఘం వాళ్ళు వచ్చారు. పొద్దున్న వాళ్ళు రాకముందే నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి పై పొర అంతా చెంచాతో తీసి, గుళికలు ఒక్కటీ మిగలకుండా ఏరేశాడు. వచ్చినవాళ్ళు ఏడు మొక్కల్నీ టేపు పెట్టి కొలిచారు, ఆకులు తిప్పి చూశారు, ఫొటోలు తీశారు. మొదటి పరిశీలన నెగ్గింది. పూత చూడడానికి మళ్ళీ వస్తారు. కంచె అవతల టైలరత్తయ్య సందుకి అడ్డంగా చెక్క పెట్టి మేకులు కొడుతోంది. "పక్కన ఏదో పని జరుగుతున్నట్టుందే" అన్నాడు కార్యదర్శి. "అవునండీ" అన్నాను.

ఇంకోటి విను. దీనికి నన్ను తిట్టాలో, నవ్వాలో నువ్వే తేల్చుకో. మరుసటి బుధవారం నాన్న పెరట్లోంచి కేక పెట్టాడు. వెళ్ళి చూద్దును కదా, హోస్టాల మడిలో చిన్న గునపం పట్టుకుని, మోచేతుల దాకా మట్టితో కూర్చుని ఉన్నాడు. నేను గుళికలు వేసిన చోటికి ముప్పై అడుగుల దూరం అది. జానెడు లోతు మట్టిలో స్లగ్గులు, వీపులు ఉబ్బి, చచ్చి ఉన్నాయి. ఒకటి కాదు, తవ్విన చోటల్లా ఉన్నాయి. "శవాలే!" అన్నాడు, నిధి దొరికినట్టు.

నేను లోపలికి వెళ్ళి క్యాలెండరు చూశాను. ఆ శుక్రవారం గడిలో హోస్టాల వైపు లెక్క రాసి ఉంది. గురువారం ఇరవై ఒకటి. శుక్రవారం పదకొండు. పక్కన నాన్న చేతిరాతతో, "తగ్గాయి!" నేను బస్సెక్కిన గంటకు రాసి ఉంటాడు. ఆ రోజు కూడా తలుపు దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పేవాడే, నేను అప్పటికే వెళ్ళిపోయాను. శనివారం నాలుగు. సోమవారం నుంచి సున్నాలు. నా పురుగులు నేను చెప్పినట్టే, చెప్పిన రోజుకే పని చేశాయి. ఆ గుప్పెడూ అక్కర్లేదు.

అప్పటి నుంచి నాన్నని భరించడం నా వల్ల కావడం లేదు. పోస్టుమాన్‌కి పాఠం, పాలాయనకి పాఠం. ఎరువుల కొట్టుకి వెళ్ళి, ఆయన్ని నిలబెట్టి అరగంట చెప్పి వచ్చాడు. నిన్నగాక మొన్న నేను కాఫీ తాగుతుంటే సాసరులో చచ్చిన స్లగ్గుని తెచ్చి ముందు పెట్టి, "ఆ వీపు చూడవే, ఎంత ఉబ్బిందో!" అన్నాడు. "మన పురుగులు" అంటాడు. తెప్పించింది ఎవరో, వద్దన్నది ఎవరో మరిచిపోయాడు.

కానీ ఆ పాఠం చెబుతూ చెబుతూ కంచె వైపు చూసి ఆగిపోతాడు. మూడు వారాలు టైలరత్తయ్య గేటు దగ్గర ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోయింది. ఈయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నా గురించి ఏమైనా రాసిందా?" అన్నాడు. "అడిగింది నాన్నా" అన్నాను. మీ నాన్న మొహం చూడాలని లేదు, ఇంకో మూడు నెలలు ఇక్కడే ఉంటాను అని నువ్వు రాసిన పేజీ నా చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం అన్నాలు తింటుండగా అడిగాను. "ఎందుకలా చెప్పావు?"

"డాక్టరమ్మ తొందరపడుతోంది. కుక్క కొట్టుకుంటోంది. నువ్వు గుటకలు మింగుతున్నావు. ఎవరో ఒకరు చెప్పాలిగా."

"మరి తరవాతైనా నిజం చెప్పొచ్చుగా?"

"తరవాత చెప్పాల్సింది నేనా?" అన్నాడు.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆయనే మళ్ళీ గిన్నె నా వైపు జరిపాడు. "మీ అమ్మ నాతో ముప్పై ఆరేళ్ళుగా పోట్లాడుతోంది. నాకు అలవాటే. నీతో ఎప్పుడూ పోట్లాడలేదు. నువ్వు తట్టుకోలేవులే అనుకున్నా. తిను, చల్లారిపోతోంది."

నేను చెయ్యి కడుక్కుని అప్పుడే టైలరత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మిషను మీద ఏదో పరదా కుడుతోంది. బొత్తాం మిషను కింద పడుకుని ఉంది. నన్ను చూసి తోక ఊపింది. లేచి వచ్చి నా చెయ్యి నాకింది, ఆ చెయ్యే. నిలబడే చెప్పాను, మొదటి నుంచీ చివరిదాకా. ఆవిడ మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా వెళ్ళి, దారం పంటితో తెంపి, అప్పుడు నా వైపు తిరిగింది.

"గుప్పెడు అన్నది నువ్వే కదూ? నాకప్పుడు తట్టలేదు చూడు."

"అవునత్తయ్యా."

"మరి మూడు వారాలు ఏం చేస్తున్నావే? ఆ మనిషిని నేను ఎన్ని మాటలన్నాను! ఎదురొస్తే తల తిప్పుకున్నాను. పక్కింట్లో కూర్చుని వింటూ ఉన్నావా?"

"ఉన్నాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "కుక్క సంగతి సరే, ఏదో తప్పు జరిగింది అనుకుంటాను. ఇది మాత్రం నేను అంత తొందరగా మరిచిపోను. నీ బట్టలు నేను కుట్టను, ఇంకెక్కడైనా చూసుకో. పో ఇక."

వచ్చేశాను. ఇంట్లో నాన్న, "చెప్పేశావా? సరే, మంచి పని చేశావు. మీ అమ్మకి మాత్రం ఇప్పుడే రాయకు, పిన్ని దగ్గర ఉంది, మనసు పాడుచేసుకుంటుంది" అన్నాడు. తల ఊపాను. ఊపి, ఇదిగో రాస్తున్నాను. ఆయన మాట ఇంకొక్కసారి విన్నానంటే ఈ జన్మలో నిజం చెప్పలేను.

అది నిన్నటి సంగతి. ఇవాళ పొద్దున్న టైలరత్తయ్య వీధి గేటు తీసుకుని మన పెరట్లోకి వచ్చింది. వెనకే బొత్తాం. నాన్న క్యానుతో నీళ్ళు పోస్తున్నాడు. ఆవిడ మడి దగ్గర ఆగి, "అన్నయ్యా" అంది. నాన్న క్యాను కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు. చివరికి, "ఈ స్లగ్గులున్నాయి చూశావూ, వాటి వీపు మీద ఒక సందుంటుందమ్మా" అని మొదలుపెట్టాడు. నులిపురుగులు ఎలా దూరతాయో, ఎన్ని రోజులు పడుతుందో, మట్టి ఎందుకు ఆరకూడదో, అన్నీ చెప్పాడు. ఆవిడ బోర్లించిన కుండీ మీద కూర్చుని వింది. ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. మధ్యలో రెండుసార్లు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాన్న చూడనట్టే చెప్పుకుంటూ పోయాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ బడికి ఆలస్యమయ్యాను.

నీ మూడు నెలల సంగతి నువ్వు ఆలోచించుకో. పిన్నికి అవసరమైతే ఉండు, నాన్న మీద కోపంతో మాత్రం ఉండకు. ఆ కోపం ఆయనకు చెందింది కాదు. దాన్ని అలాగే, ఒక్క ముక్క తగ్గించకుండా, నా పేరు మీదికి మార్చు. ఎంత తిట్టాలనుంటే అంత రాయి, కాగితం ఎన్నిచోట్ల చిరిగినా సరే. ఈసారి గుటకలు మింగకుండా చదువుతాను.

పిన్నికి నా నమస్కారాలు చెప్పు. స్నానాల లెక్క ఇక ఆపమను.

ఇట్లు,
చేసింది చెప్పడానికి మూడు వారాలు పట్టిన
నీ పెద్దమ్మాయి